రెండు కొలతల మనిషికి స్వెట్టరు

మా ఆయనకి చలి వేస్తోందంటే మొదట్లో నేను నమ్మలేదు. బయట రోహిణీ కార్తె ఎండ. అమలాపురం ఆసుపత్రి ముందు ఆటో దిగితే తారు చెప్పులకి అంటుకుంటోంది. ఆయన్ని లోపల మిషను పక్కన పడుకోబెట్టి, నన్ను బయట బల్ల మీద కూర్చోమన్నారు. కాసేపయ్యాక తలుపు సందులోంచి తొంగి చూద్దును కదా, మంచం కదులుతోంది. పళ్ళు బిగబట్టి, కళ్ళు మూసుకుని, మనిషి మనిషంతా వణికిపోతున్నారు. ఆసుపత్రి దుప్పటి కప్పారు. దాని మీద నేను పట్టుకెళ్ళిన దుప్పటి కప్పారు. వణుకు ఆగలేదు.

ఆయనకి కిడ్నీలు రెండూ పనిచెయ్యడం మానేశాయి. వారానికి మూడుసార్లు ఒంట్లో రక్తం కొంచెం కొంచెంగా బయటికి తీసి, మిషనులో కడిగి, మళ్ళీ ఒంట్లోకి పంపిస్తారు. డయాలసిస్ అంటారు దాన్ని. మిషన్లు వేడెక్కకూడదని ఆ గదిని చల్లగా ఉంచుతారు. గొట్టాల్లో తిరిగొచ్చిన రక్తం కూడా చల్లబడే వస్తుందట. పైనుంచి వేసే చలిని దుప్పటి ఆపుతుంది, లోపలినుంచి వేసే చలిని ఏం పెట్టి ఆపాలి? పైగా ఆ దుప్పటి నిలిచేది కాదు. బీపీ చూడ్డానికి ఒకరు తీస్తారు, సూది చూడ్డానికి ఇంకొకరు తీస్తారు, మిగిలింది ఆయనే కదిలి కిందకి జార్చేస్తారు.

మా ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. రాజోలు రోడ్డులో ఆయన మాటలకి నవ్వకుండా దిగిన ప్రయాణికుడు ఉండడని పేరు. డయాలసిస్ గదిలో కూడా కొత్తవాళ్ళెవరైనా భయపడుతూ వస్తే, లోపలికి జరగండమ్మా, వెనకంతా ఖాళీయే అని నవ్వించేవారు. అలాంటి మనిషి ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో మాట్లాడ్డం మానేశారు. ఒకరోజు బోడసకుర్రు వంతెన మీద ఉండగా, గోదాట్లోకి చూస్తూ అన్నారు.

“సూదులంటే నాకు భయం లేదే. చలికే. ఇంక నేను రాలేనేమో.”

రాలేనేమో అన్న మాట నన్ను పట్టుకుంది. అంతకుముందు ఒకసారి, జొరంగా ఉందని చెప్పి, వెళ్ళడం మానేశారు. రెండోరోజుకి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి, మాట పడిపోయి, కళ్ళు తేలేశారు. ఆ వేళ ఆయన్ని రెక్కల కింద చేతులు వేసి ఆటోలోకి లాగింది నేనే. మానేస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు. తెలిసే అన్నారు.

మా వీధి చివర ఒక నర్సమ్మగారున్నారు. వయసులో ఉన్నప్పుడు ఎక్కడో ఉత్తరాది కొండల్లో ఆసుపత్రిలో పనిచేసి, రిటైరయ్యాక సొంతూరు వచ్చేశారు. మా వైపు చర్చి ఉన్న ప్రతి ఊళ్ళోనూ అలాంటి నర్సమ్మ ఒకరుంటారు. ఆవిడ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆవిడ ఓదార్పు మాటలేమీ చెప్పకుండా లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె లాగారు. ఎండిన వేపాకు జలజలా రాలుతుండగా ఒక గుడ్డ మూట తీశారు. మూటలో ఊలు ఉండలు, తాటిబెల్లం రంగువి. అమలాపురం కొట్లలో దొరికే ప్లాస్టిక్ ఊలులా జారలేదు అది. చేతిలోకి తీసుకుంటే గొర్రె వాసన వేసింది.

“దుప్పటి జారిపోద్దమ్మా. ఒంటిని పట్టుకునుండేది కావాలి. నా వేళ్ళు చూసేవు కదా, సూది నిలవదు. నీ చేతిలో లేసు ఉంది. నువ్వు అల్లు, నేను చెప్తాను,” అన్నారు.

ఆవిడ వేళ్ళు కీళ్ళవాతంతో అల్లపు కొమ్ముల్లా వంకర తిరిగిపోయాయి పాపం.

లేసు నా చేతిలో ఉన్నమాట నిజమే. నేను చదివింది ఐదో తరగతి. ఆ తర్వాత నా చదువంతా లేసు సూదే. మా అమ్మ, మా అత్తగారు, వాళ్ళ అమ్మలు, అందరూ అరుగుల మీద కూర్చుని కొక్కెం సూదితో పువ్వులు అల్లినవాళ్ళే. ఆ లేసంతా సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం పోయేది, అక్కణ్ణుంచి ఏ దేశం పోయేదో మాకు తెలీదు. అంత లేసు అల్లాం గానీ, మా ఇంట్లో ఒక్క బల్ల మీద ఒక్క గుడ్డ వేసుకున్న పాపాన పోలేదు.

స్వెట్టరు దారి వేరు. లేసులో ఎప్పుడూ ఒక్క కుట్టే సూది మీద ప్రాణంతో ఉంటుంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయంటే సూది లాగి పడేసి పరిగెత్తొచ్చు, ఊడితే ఒక్కటే ఊడుతుంది. స్వెట్టరులో కుట్లన్నీ సూది మీదే బతుకుతాయి. సూది జారిందా, పడవ బోల్తా పడ్డట్టే, అందరూ మునుగుతారు. నర్సమ్మగారిచ్చిన రెండు సూదుల్ని మధ్యలో సన్నటి తీగ కలుపుతుంది. మెడకి సరిపడా కుట్లు ఆ తీగ మీదికి ఎక్కించి, గుండ్రంగా తిరుగుతూ కిందకి దిగాలి. వీపు ముక్క, ముందు ముక్క, చేతుల ముక్కలు విడివిడిగా అల్లి తర్వాత కలిపి కుట్టడం ఉండదు. అతుకు ఉంటే పడుకున్నవాళ్ళకి ఒత్తుకుంటుందని, పైనుంచి దిగితే ఎప్పటికప్పుడు ఒంటి మీద వేసి చూసుకోవచ్చని ఆవిడ చెప్పారు.

మా అత్తగారు మంచం మీదనుంచి ఇదంతా విన్నారు. ఆవిడకి కళ్ళు మసకలు గానీ చెవులు పాము చెవులు. “ఏసుప్రభువు అంగీ కూడా అలాటిదేనమ్మా. పైనుంచి కిందికి నేసేరంట, కుట్టన్నది లేకుండా. మంచి శుక్రవారం చర్చిలో అయ్యగారు ప్రతేడూ చెప్తారు కదా,” అన్నారు. ఆ రోజునుంచి ఆవిడకి నా చేతిలో పని కోడలి అల్లికలా కనిపించలేదు. ఎవరైనా దాని మీద చెయ్యి వేస్తే, చేతులు కడుక్కుని ముట్టుకోండర్రా అనేవారు.

మొదటి మెడ ఆయన తలకి పట్టలేదు. లేసు చేతికి ఒక జబ్బు ఉంది, దారం బిగలాగేస్తాం. బిగి లేని లేసుని, కొనడానికొచ్చే ఏజెంటు మొహాన కొట్టేవాడు. చిన్నప్పటినుంచి ఆ భయంతో మా చూపుడువేలు దారాన్ని వదలనే వదలదు. మెడ పూర్తయిందని ఆయన తల మీంచి దింపబోతే చెవుల దగ్గర ఆగిపోయింది. టోపీయా ఇది అన్నారు. సరిగ్గా అప్పుడే పక్కింటావిడ గుమ్మం ముందునుంచి వెళ్తోంది.

“అన్నయ్యగారూ, ఊటీ ప్రయాణమా అండి?”

“ఆయ్. అమలాపురం ఊటీ అండి. వారానికి మూడు ట్రిప్పులు.”

ఆ టోపీ అలాగే పెట్టుకుని గుమ్మంలో నిలబడి చెప్పారు ఆ మాట. ఆవిడ నవ్వింది, మా అత్తగారు నవ్వారు, చాలా రోజుల తర్వాత నేనూ నవ్వాను. నవ్వి, మొత్తం విప్పి మళ్ళీ ఎక్కించాను. ఈసారి నర్సమ్మగారు నా పక్కన కూర్చుని, దారం లాగినప్పుడల్లా నా మోచేతి మీద చిన్నగా కొట్టేవారు. దాన్ని ఊపిరి పీల్చుకోనియ్యమ్మా అనేవారు.

మెడనుంచి భుజాల మీదుగా నాలుగు గీతలు దిగుతాయి, ముందు రెండు, వెనక రెండు. ఆ గీతలకి అటూ ఇటూ చుట్టు విడిచి చుట్టు కుట్లు పెంచుకుంటూ పోతే అల్లిక గొడుగు విప్పినట్టు విచ్చుకుంటుంది. అది నాకు తొందరగానే పట్టుబడింది. లేసు పువ్వు కూడా నడిమినుంచి అలాగే పెరుగుతుంది. చంకల దాకా దిగాక అసలు చిక్కు వచ్చింది.

మా ఆయన ఒక కొలత మనిషి కారు. డయాలసిస్‌కి వెళ్ళేముందు ఒంట్లో నీరు చేరి మొహం, ఛాతీ, పొట్ట అన్నీ ఉబ్బి ఉంటాయి. ఆ నీరంతా మిషను లాగేశాక, కొయ్యకి చొక్కా తగిలించినట్టు ఉంటారు. వెళ్ళేముందు తొడిగితే సరిగ్గా ఉన్న అల్లిక, వచ్చాక తొడిగితే జారి భుజం బయటపడింది. వదులు తగ్గిద్దామని కొన్ని చుట్లు విప్పి తక్కువ కుట్లతో అల్లితే, మళ్ళీ వెళ్ళే రోజుకి చంకల్లో పట్టేసి చెయ్యి పైకి లేవలేదు. ఏ మనిషికి అల్లాలో తెలీక సూదులు ఒళ్ళో పెట్టుకుని గోడకి చేరబడి కూర్చున్నాను.

నర్సమ్మగారు వచ్చి చూసి, ఇద్దరికీ ఒకటే అల్లొచ్చు అన్నారు. అని, నేను చంకల దాకా తెచ్చినదాన్ని మెడ కింద వరకూ విప్పించి, జడలు వెయ్యమన్నారు.

జడలంటే ఆడపిల్లల జడల్లాగే, అల్లిక మీద ఉబ్బెత్తుగా పైనుంచి కిందకి దిగే పాయలు. కొన్ని కుట్లని మూడో చిన్న సూది మీదకి తీసి ముందుకి ఆపి, వెనకవాటిని ముందు అల్లి, ఆపినవాటిని తర్వాత అల్లితే పాయ మీద పాయ పడుతుంది. జడకీ జడకీ మధ్య తిరగ కుట్లతో లోపలికి దిగిన సన్నటి గాడి, చేలో బోదెలా ఉంటుంది. మనిషి చిక్కితే ఆ బోదెలు ముడుచుకుని జడలు దగ్గరికి వస్తాయి. మనిషి ఉబ్బితే విచ్చుకుని దూరంగా జరుగుతాయి. జడలు సోకు కోసం అనుకున్నాను నేను ఇన్నాళ్ళూ. సాదా అల్లిక అలా సాగి మళ్ళీ దగ్గరికి రాదట.

అల్లడం ఒక్కటే పనయితే ఎంత సుఖం. ఉప్పు లేని కూర ఆయనకి వేరే వండాలి, నాకూ అత్తగారికీ వేరే వండాలి. కాయగూరలు ఉడకపెట్టి నీళ్ళు పారబొయ్యాలి. కొబ్బరి నీళ్ళు ముట్టుకోకూడదన్నారు, మా దొడ్లో చెట్ల కింద మా ఆయనే కాపలా. మంచినీళ్ళు గ్లాసుతో కొలిచి ఇవ్వాలి. గోదావరి పాయల మధ్య పుట్టి పెరిగిన మనిషికి నీళ్ళు కొలిచి ఇవ్వడం కంటే పాపం ఇంకోటి లేదు. ఇంకొక్క గుక్క అని అడుగుతారు. ఇవ్వనంటే మొహం గోడ వైపు తిప్పుకుంటారు. ఆ ఇంట్లో ఆయనకి శత్రువంటూ ఉంటే నేనే. కాకినాడలో టీచరుగా ఉన్న మా అమ్మాయి ఆదివారం వచ్చి, అమ్మా నువ్వు పడుకో, నేను చూసుకుంటాను అంటే, పడుకోవడం ఎలాగో మర్చిపోయినట్టు మంచం అంచున కూర్చునేదాన్ని.

చెమట చేతులకి ఊలు అంటుకునేది. కరెంటు పోతే ఒళ్ళో స్వెట్టరు పెట్టుకోవడం, నిప్పుల కుంపటి పెట్టుకోవడం ఒకటే. ఆసుపత్రి బల్ల మీద కూర్చుని అల్లుతుంటే, లోపల మనుషుల్ని పెట్టుకుని బయట కూర్చున్న మిగతా ఆడవాళ్ళు దాని మీద చెయ్యి వేసి చూసి, ఎవరికమ్మా అని అడిగేవాళ్ళు. ఒకరోజు లోపలినుంచి ఆయన దగ్గు వినిపిస్తుంటే, ముందుకి ఆపాల్సిన కుట్లు వెనక్కి ఆపి అల్లేశాను. ఎడమ పక్క రొమ్ము మీద ఆ ఒక్క జడ ఎదురు తిరిగింది. ఎంతో కిందకి దిగాక గానీ చూసుకోలేదు. విప్పే ఓపిక లేక అలాగే ఉంచేశాను.

నడుం దాకా దిగి అంచు ముగించాక, చేతుల కోసం వేరే దారం మీద ఆపి ఉంచిన కుట్లు మళ్ళీ సూదికి ఎక్కించాను. కుడి చెయ్యి మణికట్టు దాకా దింపాను. ఎడమ చెయ్యి అలా కుదరదు. సూదులు గుచ్చేది ఆ చేతికే. అక్కడ లోపల రక్తనాళాలు రెండు కలిపి కుట్టారు, ఫిస్టులా అంటారు. పైన వేలు పెడితే సీసాలో కందిరీగ ఉన్నట్టు జుమ్మంటూ ఉంటుంది. దాని మీద ఏదీ ఒత్తుకోకూడదు, ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. అందుకని ఎడమ చెయ్యి మోచేతికి పైనే ముగించేశాను. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. మా అత్తగారు రెండూ తడిమి చూసి, ఇదేం అవకరమమ్మా అని బాధపడ్డారు. మా ఆయన మాత్రం తొడుక్కుని, పొట్టి చెయ్యి ముందుకి చాపి, టిక్కెట్ టిక్కెట్ అన్నారు.

వానలు పట్టాక అది ఆయన ఒంటి మీదికి వెళ్ళింది. ఆటోలో సంచిలో పెట్టుకుని, ఆ గది గుమ్మంలో తొడిగేదాన్ని. మొదటిరోజు తలుపు సందులోంచి చూడాలంటే భయం వేసింది. చూస్తే మంచం కదలడం లేదు. దుప్పటి కిందకి జారిపోయి ఉంది, ఆయన స్వెట్టరులో నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నారు. ఆ మిషను పక్కన ఆయన నిద్రపోవడం అదే మొదలు. ఇంటికొచ్చేటప్పుడు వంతెన దాటాక ఆటో అబ్బాయితో డీజిలు రేటు గురించి దెబ్బలాడారు. ఆ దెబ్బలాట వింటూ నేను వెనక కళ్ళు మూసుకున్నాను.

అలా కొన్ని వారాలు గడిచాయి. రాలేనేమో అన్న మాట మళ్ళీ రాలేదు.

ఒకరోజు సూది తీశాక నెత్తురు సరిగా ఆగక, స్వెట్టరు అంచు మీద, పొట్టి చెయ్యి మీద మరకలు పడ్డాయి. నర్సమ్మగారు నాతో ముందే చెప్పారు, ఊలుకి వేడి తగలనివ్వకూడదు, రుద్దకూడదు, చన్నీళ్ళలో నానబెట్టి ఒత్తి ఆరబెట్టాలి అని. ఆ రోజు అలిసిపోయి వచ్చాం. మరకల సంగతి అత్తగారితో అని, దండెం మీద వేసి ఉంచాను. మర్నాడు రక్తపరీక్ష చేయించమంటే ఇద్దరం పొద్దున్నే రాజోలు వెళ్ళాం. తిరిగొచ్చేసరికి వీధిలోకే వాసన వచ్చింది. తడి గొర్రె వాసన, సబ్బు వాసన, గంజి వాసన.

దొడ్లో కొబ్బరి డొక్కల పొయ్యి ఇంకా పొగలొస్తోంది. దాని మీద పెద్ద డేగిసా, పక్కన కలియబెట్టిన కర్ర. లోపల మంచం మీద పరుపు పరిచి ఉంది. మా అత్తగారు దాని మీదకి వంగి, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, ఏదో లాగి పరుపుకి గుచ్చుతున్నారు. ఒక సూది గుచ్చితే ఇంకో పక్క సూది లేచిపోతోంది. ఆ లాగుతున్నది స్వెట్టరే అని తెలియడానికి నాకు కాస్త సమయం పట్టింది. చంటిపిల్లాడి చొక్కా అంత ఉంది. మందంగా, చాపలా గట్టిపడింది. జడలు తాళ్ళలా బిగుసుకున్నాయి. బోదెల నిండా తెల్లగా గంజి.

లేసు తెలిసినవాళ్ళకి నేను విడమర్చి చెప్పక్కర్లేదు. నెలల తరబడి చెమట చేతుల్లో, వంటింటి పొగలో తిరిగిన లేసు నల్లగా మాసిపోయి ఉంటుంది. దాన్ని సబ్బునీళ్ళలో ఉడకపెట్టి, గంజిలో ముంచి, పరుపు మీద గుండుసూదులతో లాగి ఆరబెడితే మల్లెపువ్వులా తేలుతుంది. అలా చెయ్యకుండా ఏ ఇల్లాలూ తన చేతి పని బయటికి పంపదు. నూలుకి అదే పెళ్ళి. ఊలు పాలిట అదే చావయింది.

మా అడుగుల చప్పుడు విని ఆవిడ సూదులు నోట్లోంచి తీశారు.

“నెత్తురు మరకతో ఎలా తొడుక్కెళ్తాడమ్మా నలుగుర్లోకి? మన చేతి పని ఉడకపెట్టకుండా గుమ్మం దాటిందా ఎప్పుడైనా? కొంచెం బిగుసుకుంది. తడారితే సాగుద్దిలే.”

ఆవిడ మా ఇద్దరి మౌనం విన్నారు. అప్పుడు పొడుగు చెయ్యి ఎక్కడుందో తడుముకుని, భుజం దగ్గర్నుంచి జానతో కొలిచారు. ఒక జాన పూర్తవకుండానే వేళ్ళు అంచు దాటి పరుపు మీద పడ్డాయి. మళ్ళీ కొలిచారు. ఆ తర్వాత చేతులు రెండూ ఒళ్ళోకి లాక్కుని కూర్చున్నారు.

మా ఆయన వెళ్ళి పక్కన కూర్చున్నారు. “పోన్లే అమ్మా. ఇంకా చిక్కిపోతే సరిపోద్దిలే నాకు,” అన్నారు. ఎవరినైనా నవ్వించే మనిషే. ఆ మాటకి మాత్రం ఇంట్లో ఎవరూ నవ్వలేదు. రాత్రి ఆవిడ అన్నం ముట్టుకోలేదు.

మర్నాడు డయాలసిస్. ఆటో వచ్చి హారన్ కొట్టింది. ఆయన పక్క మీదనుంచి లేవలేదు. నేను సంచి సర్దుతూ పిలిస్తే, దుప్పటి గడ్డం దాకా లాక్కుని, ఇవాళ్టికి మానేద్దామే అన్నారు. మళ్ళీ హారన్ కొట్టాడు. నేను మామూలుగా అయితే బతిమాలతాను, పిల్లల పేరు చెప్తాను, లేదంటే కోప్పడతాను. ఆ రోజు ఏదీ రాలేదు. వెళ్ళి మంచం అంచున కూర్చున్నాను.

“మానేద్దురుగానీ. నాకూ ఓపిక లేదండి. కానీ ఈసారి మీకు ఊపిరాడకపోతే, మిమ్మల్ని లేవదీసి ఆటోలో పడేసే బలం నాకు లేదు. అది ఒక్కటీ తెలుసుకుని పడుకోండి.”

బెదిరించాలని అన్నది కాదది. ఉన్నది చెప్పాను. ఆయన నా వైపు చూశారు. చాలా రోజులయింది ఆయన నా మొహంలోకి అలా చూసి. నా కళ్ళ కింద ఏం కనిపించిందో మరి, చూపు తిప్పుకుని పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయారు. లేస్తారా లేదా నాకు తెలీదు. వీధిలో ఆటో ఇంజను ఆపేశాడు.

అప్పుడు గోడవతల మంచం మీదనుంచి మా అత్తగారు అన్నారు. నిన్న సాయంత్రం నుంచి ఆవిడ నోటినుంచి వచ్చిన మొదటి మాట అది.

“ఒరే. నేను ఉడకపెట్టింది చొక్కానేరా. నిన్ను కాదు. లే.”

దుప్పటి కదలడం మొదలెట్టింది. ఏడుస్తున్నారేమో అని భయపడి దుప్పటి తీస్తే నవ్వుతున్నారు. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి, అది వేరే సంగతి. నవ్వు ఆపుకుని, కండక్టరుగా పైఅధికారికి చెప్పినట్టు గట్టిగా “ఆయ్” అని, కాళ్ళు కింద పెట్టారు.

ఆయన మొహం కడుక్కునేలోపు నాకు ఏం తోచిందో, పరుపు మీద ఆరిన స్వెట్టరు తీసి కత్తెర పట్టుకున్నాను. పడుకునుండే మనిషికి వీపు వైపు ఎందుకు, కావాల్సింది గుండెల మీద కదా అనిపించింది. ఒక పక్క చంకలోంచి కిందకి కోశాను. నేను విన్నదేమిటంటే ఒక్క కుట్టు తెగితే అల్లికంతా జారిపోతుందని. ఒక్క పోగు కూడా కదల్లేదు. ఉడికి ఉడికి ఒకదాన్నొకటి ఎంత పట్టుకున్నాయంటే, ఏ దారం ఏదో వాటికే తెలీదు. కత్తెర చప్పుడు విని, కోస్తున్నావా అమ్మా అన్నారు అత్తగారు. ఆయ్ అన్నాను. చెమ్మ ఉంటే జలుబు చేసుద్ది, ఆరిందో లేదో చూసుకో అన్నారు. చేతులు రెండూ, మెడా తీసేసి, కోసిన పక్కనుంచి తెరిచి పరిస్తే, ముందు వైపు వెనక వైపు కలిపి ఛాతీకి అడ్డంగా వచ్చే పలక ఒకటి మిగిలింది. గంజి దులిపి సంచిలో పెట్టాను.

ఆసుపత్రిలో సూదులు గుచ్చాక, ఆ ముక్క ఆయన గుండెల మీద పరిచి, పైన దుప్పటి కప్పాను. చొక్కాని పట్టుకుని ఉండిపోయింది, జారలేదు. స్వెట్టరంత వెచ్చన కాదు. భుజాలు వణికాయి, దవడ వణికింది. మంచం కదిలేంతగా వణకలేదు. నేను దుప్పటి అంచులు ఒంటి కిందకి దోపుతుంటే ఆయన కళ్ళు తెరిచారు.

“నర్సమ్మగారి దగ్గర ఆ ఊలు ఇంకా ఉందా?”

“లేదండి. మొత్తం దీనికే అయిపోయింది.”

ఆయన కొంచెంసేపు మిషను వైపు చూశారు. “అయితే ఇక్కడే కొట్లో ప్లాస్టిక్‌దే కొనుక్కుందాం. మా అమ్మ ఎంత ఉడకపెట్టినా ఏం కాదు దానికి.”

సరేనన్నాను. అనేసి బయట బల్ల మీదకి వచ్చి, గోడకి తల ఆనించి కూర్చున్నాను. మళ్ళీ మెడ దగ్గర మొదలుపెట్టాలి. మళ్ళీ గొడుగులా పెంచుకుంటూ భుజాలు దింపాలి, మళ్ళీ ఆయన్ని నిలబెట్టి తొడగాలి, తియ్యాలి. తలుచుకుంటేనే మెడ నరాలు లాగాయి. ఎవరో పక్కన కూర్చుని, ఇవాళ అల్లడం లేదేమ్మా అని అడిగారు. తల ఊపి కళ్ళు మూసుకున్నాను. ఎప్పుడు నిద్రపట్టిందో తెలీదు, అయిపోయిందమ్మా లోపలికి రండి అని పిలిస్తే లేచాను.

ఆ రోజు మాత్రం ఊలు కొట్టుకి వెళ్ళలేదు. ఇద్దరికీ మెట్లు దిగడమే పెద్ద పని అయింది. ఆటోలో కూర్చున్నాక కొట్టు వైపు తిప్పమంటారా అని అబ్బాయి అడిగితే, మా ఆయన వద్దన్నారు. శనివారం ఎలాగూ రావాలి కదా, అప్పుడు చూద్దాంలే అన్నారు.